మద్రాసు నుండి డర్బన్‌కు ఎంత దూరం?

దూరాన్ని కొలిచే పద్ధతులు సాధారణంగా రెండు. భూగోళ శాస్త్రజ్ఞుడు కిలోమీటర్లలో కొలుస్తాడు. ప్రయాణికుడు రోజులలోనూ, గంటలలోనూ కొలుస్తాడు. దక్షిణాఫ్రికాలోని మన తెలుగు కుటుంబాల చరిత్ర చదివితే మూడవ కొలత కూడా ఒకటి ఉన్నదని తెలుస్తుంది. వెళ్ళినవాడు తిరిగి రాగలడా, రేవులో దిగనిస్తారా, పాస్‌పోర్టు చెల్లుతుందా అన్న ప్రశ్నలతో తేలే కొలత అది. మద్రాసు నుండి డర్బన్‌కు గల దూరం నూటఅరవై ఏళ్ళకు పైగా కిలోమీటర్లలో ఒక్క అంగుళం కూడా మారలేదు. మిగతా రెండు కొలతలూ ఎన్నిసార్లు ఎలా మారాయో, ఈ ఉత్సవ సంచిక చదివే మన పిల్లలు తెలుసుకోదగినది.

గోళం మీద గీసిన గీత

ముందుగా లెక్క చూద్దాం. చెన్నై మీనంబాకం విమానాశ్రయం భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నది. డర్బన్‌లోని కింగ్ షాకా విమానాశ్రయం దక్షిణాన 29 డిగ్రీలు దాటి ఉన్నది. ఈ రెండింటి నడుమ భూగోళం మీద అతి దగ్గర దారి సుమారు 7,075 కిలోమీటర్లు. పాత లెక్కలో చెప్పాలంటే 4,400 మైళ్ళు.

గోడకు తగిలించిన పటం మీద స్కేలు పెట్టి గీత గీస్తే ఈ లెక్క సరిగా రాదు. భూమి గుండ్రంగా ఉన్నది కాబట్టి గోళం మీద రెండు ఊళ్ళకు దారం గట్టిగా లాగి పట్టుకోవాలి. ఆ దారం పడిన చోటే అతి దగ్గర దారి. చెన్నై నుండి డర్బన్‌కు అలా దారం లాగితే అది నైరుతి దిశగా బయలుదేరి, కేరళ కొండలు దాటి, మాల్దీవుల ఉత్తర భాగం మీదుగా పోతుంది. సేషెల్స్ దీవులను పడమరగా వదిలి, మడగాస్కర్ ద్వీపాన్ని ఈశాన్యం నుండి నైరుతికి కోసుకుంటూ వెళ్ళి, మొజాంబిక్ జలసంధి దాటి డర్బన్ చేరుతుంది. దారి పొడవునా నేల కంటె నీరే ఎక్కువ.

నేటి పెద్ద విమానం గంటకు 850 కిలోమీటర్ల చొప్పున ఎగిరితే ఈ దూరానికి ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. ఎక్కడానికీ దిగడానికీ పట్టే సమయం కలిపితే సుమారు తొమ్మిది గంటలు. ఇందులో గడియారం చేసే చిత్రం ఒకటి ఉన్నది. భారతదేశపు కాలం దక్షిణాఫ్రికా కాలం కంటె మూడున్నర గంటలు ముందు. డర్బన్‌లో ఉదయం ఎనిమిది అయితే చెన్నైలో పదకొండున్నర. అలాంటి విమానం ఒకటి చెన్నైలో ఉదయం ఎనిమిదికి లేస్తే డర్బన్ గడియారం ప్రకారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు దిగుతుంది. అయిదున్నర గంటలే పట్టినట్టు కనబడుతుంది. తిరుగు ప్రయాణంలో డర్బన్‌లో ఎనిమిదికి లేస్తే చెన్నైలో రాత్రి ఎనిమిదిన్నర; పన్నెండున్నర గంటలు పట్టినట్టు కనబడుతుంది. ఆకాశంలో గడిపినది మాత్రం రెండు సార్లూ తొమ్మిది గంటలే.

అయితే చెన్నైకీ డర్బన్‌కూ మధ్య అలాంటి నేరు విమానం లేదు. ఎందుకు లేదో, ఉన్న దారి ఎలా వచ్చిందో చెప్పాలంటే ఓడల కాలానికి వెళ్ళాలి.

ఐదు వారాల కడలి

1860 అక్టోబరు రెండవ వారంలో "ట్రూరో" అనే ఓడ మద్రాసు రేవు విడిచింది. అదే సంవత్సరం నవంబరు 16వ తేదీన డర్బన్ చేరింది. అందులో 342 మంది ఉన్నారు. నేటాల్ వలస రాజ్యపు చెరకు తోటలలో పనిచేయడానికి కూలీ ఒప్పందం మీద వచ్చిన మొదటి భారతీయులు వీరే. ఐదు వారాల ప్రయాణం. మన 7,075 కిలోమీటర్లను ముప్పైఅయిదు రోజులతో భాగిస్తే గంటకు ఎనిమిది కిలోమీటర్లు మాత్రమే వస్తుంది. చురుకైన ఎద్దులు కట్టిన బండి కంటె ఏ కొంచెమో ఎక్కువ.

ఆనాటి నుండి 1911 వరకు 384 ఓడ ప్రయాణాలలో 1,52,184 మంది ఒప్పందపు కూలీలు నేటాల్ వచ్చారు. వీరిలో మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుండి ఎక్కినవారు. మిగిలినవారు కలకత్తా నుండి. మద్రాసు నుండి వచ్చినవారిలో తమిళులతో పాటు ఉత్తర ఆర్కాటు, విశాఖపట్నం, గంజాం, గోదావరి, నెల్లూరు జిల్లాల తెలుగువారు ఉన్నారు. మన తాతముత్తాతలు వారే.

సముద్రం ఎన్నడూ చూడని పల్లెల నుండి వచ్చినవారికి కిలోమీటర్ల లెక్క ఎవరు చెప్పారు? చెప్పినా ఏమి అర్థమవుతుంది? వారికి తెలిసిన దూరాలు కాలినడకవి, బండివి, తీర్థయాత్రవి. ఓడ ఎక్కిన మొదటి వారం తరువాత వారికి మిగిలిన కొలత ఒక్కటే: ఐదేళ్ళ ఒప్పందం. పదేళ్ళు ఈ దేశంలో గడిపితే ఇంటికి ఉచిత ప్రయాణం దొరుకుతుందని మాట. కనుక ఆ తరం దృష్టిలో మద్రాసుకూ డర్బన్‌కూ మధ్య దూరం ఐదు వారాలు కాదు, పదేళ్ళు.

తిరిగి వెళ్ళినవారి మాట

పదేళ్ళు నిండినవారు 1871లో "రెడ్ రైడింగ్ హుడ్" మొదలైన ఓడల మీద మద్రాసు చేరారు. ఈ ప్రయాణానికి మన చరిత్రలో ఉన్న విలువను చాలామంది గుర్తించరు. మద్రాసులో దిగినవారు ఊరక ఇళ్ళకు పోలేదు. నేటాల్‌లో తాము పడిన కష్టాలను, జీతాల కోతలను, దెబ్బలను అధికారులకు చెప్పుకున్నారు. అంతకు ముందే, 1866లోనే, వలస పంపడం ఆగిపోయి ఉన్నది. ఈ ఫిర్యాదుల ఫలితంగా 1872లో నేటాల్‌లో విచారణ సంఘం ఏర్పడింది. కొన్ని సంస్కరణలు జరిగాకే 1874లో ఓడలు మళ్ళీ బయలుదేరాయి. చదువురాని కూలీలు మోసుకుపోయిన కబురు ఒక ప్రభుత్వం చేత విచారణ చేయించింది. రాకపోకల దారి తెరచి ఉండడం ఎంత అవసరమో దీనివలన తెలుస్తున్నది. తిరిగి వెళ్ళేవాడు లేకపోతే అక్కడివారికి ఇక్కడి సంగతి తెలిసే మార్గమే లేదు.

తరువాతి కాలంలో ఆ తిరుగు దారినే ప్రభుత్వం ఆయుధంగా వాడుకున్నది. 1895 చట్టం ప్రకారం, ఒప్పందం ముగిసినవాడు ఇండియాకు వెళ్ళకుండా, కొత్త ఒప్పందం వ్రాయకుండా ఇక్కడే ఉండదలిస్తే ఏడాదికి మూడు పౌనుల పన్ను కట్టాలి. తోటలో మొదటి సంవత్సరం నెల జీతం పది షిల్లింగులు. మూడు పౌనులంటే అరవై షిల్లింగులు, అనగా ఆరు నెలల జీతం. 1913లో గనులలో, తోటలలో జరిగిన పెద్ద సమ్మె తరువాత 1914లో ఈ పన్ను రద్దయింది. అయితే అదే 1914 చట్టం, ఈ దేశంలో ఉండే హక్కు వదులుకునేవారికి ఇండియాకు ఉచిత ప్రయాణం ఇస్తామన్నది. 1927 కేప్‌టౌన్ ఒడంబడిక తరువాత అలా వెళ్ళే ఒక్కొక్క పెద్దకు ఇరవై పౌనులు చేతికిచ్చారు.

ఆ డబ్బు పుచ్చుకొని వెళ్ళినవారి గతి ఏమైంది? 1931లో భవానీ దయాళ్ సన్యాసి, బనారసీదాస్ చతుర్వేది ఈ విషయమై ఒక నివేదిక ప్రకటించారు. వెళ్ళినవారిలో చాలామంది అక్కడ ఇమడలేక అగచాట్లు పడుతున్నారని వారు చెప్పారు. కులాచారాలు మరచినవారని ఊరు దూరం పెట్టింది. నేటాల్‌లో పుట్టిన పిల్లలకు ఆ ఊరే పరదేశమైంది. ఓడ ప్రయాణంలో దాటిన దూరం వారి విషయంలో నేల మీద దిగాక కూడా తరగలేదు.

ఈ సందర్భంలో ఒక తెలుగు పెద్దను తలచుకోవాలి. ఒడంబడిక ప్రకారం భారత ప్రభుత్వం దక్షిణాఫ్రికాలో ఒక ఏజెంటును నియమించింది. మొదటివారు వి. ఎస్. శ్రీనివాసశాస్త్రి. ఆయన తరువాత 1929 నుండి 1932 వరకు ఆ పదవిలో ఉన్నవారు ఏలూరులో జన్మించిన కూర్మా వెంకటరెడ్డి నాయుడు. ఆయన ఇక్కడ ఉన్న కాలంలోనే, 1931లో, డర్బన్‌లో ఆంధ్ర మహాసభ స్థాపితమైంది. ఇంటికి పోవడమే గతి అని ప్రభుత్వం చెబుతున్న రోజులలో, ఇక్కడే ఉండి మన భాషను నిలుపుకుంటామని మన పెద్దలు సభ పెట్టుకున్నారు.

రేవు ముందు నిరీక్షణ

ఆవిరి ఓడలు వచ్చాక ప్రయాణ కాలం బాగా తగ్గింది. దానికి మంచి ఉదాహరణ గాంధీగారి ప్రయాణమే. ఆయన కుటుంబంతో "కూర్లాండ్" ఓడ మీద 1896 నవంబరు 30న బొంబాయి విడిచి, డిసెంబరు 18న డర్బన్ రేవు చేరారు. పద్దెనిమిది రోజులు! ట్రూరో కాలంతో పోలిస్తే ఎంత మెరుగు! కాని బొంబాయిలో ప్లేగు ఉన్నదన్న సాకుతో "కూర్లాండ్"ను, దానితో వచ్చిన "నాదెరి"ని రేవు బయటనే నిలిపేశారు. భారతీయులు దిగరాదని ఊళ్ళో తెల్లవారు సభలు పెట్టారు. ప్రయాణికులు నేల మీద కాలు పెట్టినది 1897 జనవరి 13న. సముద్రం దాటడానికి పద్దెనిమిది రోజులు, కంటికి కనబడుతున్న ఒడ్డు చేరడానికి ఇరవై అయిదు రోజులకు పైగా. యంత్రం దూరాన్ని తగ్గిస్తుంటే చట్టం దాన్ని పెంచడం అప్పుడే మొదలైంది.

ఎగిరే యంత్రం వచ్చినా

1932 అక్టోబరు 15న జె. ఆర్. డి. టాటా కరాచీ నుండి బొంబాయికి తపాలా విమానం నడిపారు. అదే తపాలా అక్కడి నుండి బళ్ళారి మీదుగా మద్రాసు చేరింది. మద్రాసుకు విమాన తపాలా అలా వచ్చింది. 1948 జూన్‌లో ఎయిర్ ఇండియా లండన్‌కు, 1950 జనవరిలో ఏడెన్ మీదుగా నైరోబీకి విమానాలు ప్రారంభించింది. బొంబాయి విమానం ఆఫ్రికా ఖండం మీద దిగింది. నైరోబీ నుండి దక్షిణాఫ్రికాకు ఇంకొక అడుగు. ఆ అడుగు పడలేదు.

కారణం రాజకీయం. భారతీయులు భూమి కొనడాన్నీ, నివసించడాన్నీ కట్టుబాటు చేస్తూ దక్షిణాఫ్రికా 1946లో చట్టం తెచ్చింది. ఆ ఏడు జూలైలో భారత ప్రభుత్వం ఆ దేశంతో వ్యాపారం నిలిపివేసింది. విషయాన్ని ఐక్యరాజ్యసమితి ముందు పెట్టింది. స్వతంత్ర భారతం ఆ నిషేధాన్ని కొనసాగించింది. 1954లో ఇక్కడి భారత దౌత్య కార్యాలయం మూతపడింది. భారతీయ పాస్‌పోర్టు మీద దక్షిణాఫ్రికాకు తప్ప తక్కిన దేశాలకు చెల్లుతుందని అచ్చువేసేవారు.

ఈ నిషేధం న్యాయమైనదే. వర్ణవివక్షను ప్రపంచమంతా ఖండించక ముందే భారతదేశం ఖండించింది. దానికి మనం గర్వపడాలి. కాని ఆ న్యాయానికి మూల్యం చెల్లించినవారిలో మన కుటుంబాలు కూడా ఉన్నాయి. అక్కడి మేనమామ ఇక్కడి పెళ్ళికి రాలేడు. ఇక్కడి మనుమడు అక్కడి కర్మకు అందుకోలేడు. తెలుగు గురువులు, పుస్తకాలు, సంగీత విద్వాంసులు రావలసిన దారి ముళ్ళదారి అయింది.

ఇదే కాలంలో, 1952 మే నెలలో, ప్రపంచంలో మొట్టమొదటి జెట్ ప్రయాణికుల సర్వీసు లండన్ నుండి జొహనెస్‌బర్గ్‌కే వచ్చింది. "కామెట్" అనే ఆ విమానం దారిలో అయిదు చోట్ల ఆగుతూ ఇరవైనాలుగు గంటల లోపు చేరేది. లండన్ ఒక్క రోజు దూరంలోకి వచ్చింది. మద్రాసు మాత్రం ఓడ దూరంలోనే ఉండిపోయింది. ఇండియా వెళ్ళదలచినవారు "కరంజా", "కంపాలా" ఓడల మీద తూర్పు ఆఫ్రికా రేవులన్నీ తాకుతూ బొంబాయి చేరేవారు. అక్కడి నుండి రైలులో మద్రాసుకో, వాల్తేరుకో.

1961లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం భారతీయులను ఈ దేశపు శాశ్వత నివాసులుగా ఒప్పుకున్నది. ట్రూరో వచ్చిన నూటొక్క ఏళ్ళకు! 1963లో స్వతంత్ర ఆఫ్రికా దేశాలు తమ ఆకాశం మీదుగా దక్షిణాఫ్రికా విమానాలను పోనివ్వలేదు. ఐరోపాకు పోయే విమానాలు ఖండపు పడమటి అంచు చుట్టూ తిరిగిపోవలసి వచ్చింది. విమానానికి సముద్రమూ కొండలూ అడ్డు రావు గాని, ఆకాశంలో కూడా సరిహద్దులున్నాయని ఆనాడు తేటతెల్లమైంది.

దారి తెరచిన తరువాత

1993లో భారతదేశం ఆంక్షలు తొలగించింది. ఆ సంవత్సరం నవంబరులో రెండు దేశాల మధ్య దౌత్య సంబంధాలు ఏర్పడ్డాయి. దక్షిణాఫ్రికా విమాన సంస్థ జొహనెస్‌బర్గ్ నుండి బొంబాయికి నేరు విమానం నడిపింది. దాదాపు 6,960 కిలోమీటర్లు. తొమ్మిది గంటలకు అటూఇటూ ప్రయాణం. ఆ సర్వీసు 2015లో ఆగిపోయింది. ఈసారి ఆపినది చట్టం కాదు, జమాఖర్చులు.

డర్బన్ వాసులకు వేరొక దారి 2009 అక్టోబరులో తెరుచుకున్నది. దుబాయి నుండి డర్బన్‌కు నేరుగా విమానం వచ్చింది. 2010 మే 1న, నగరానికి ఉత్తరాన సుమారు 35 కిలోమీటర్ల దూరంలో లా మెర్సీ వద్ద కింగ్ షాకా విమానాశ్రయం ప్రారంభమైంది. దక్షిణాన 1951 నుండి నడిచిన పాత విమానాశ్రయం మూతపడింది. కొత్త రన్‌వే పొడవు 3,700 మీటర్లు. దాని చుట్టుపక్కల టొంగాట్, వెరులమ్ ప్రాంతాలు చెరకు తోటలకు పేరుపడినవి. మన పెద్దలు కత్తి పట్టి చెరకు నరికిన సీమలోనే ఈనాడు విమానాలు దిగుతున్నాయి.

దుబాయి మీదుగా లెక్క ఇలా ఉంటుంది. చెన్నై నుండి దుబాయికి సుమారు 2,930 కిలోమీటర్లు, నాలుగు గంటలు. దుబాయి నుండి డర్బన్‌కు సుమారు 6,625 కిలోమీటర్లు, ఎనిమిదిన్నర గంటలు. మొత్తం 9,555 కిలోమీటర్లు. నేరు గీత కంటె 2,480 కిలోమీటర్లు ఎక్కువ. హైదరాబాదు వారికి కాస్త నయం: నేరు గీత 7,270 కిలోమీటర్లు, దుబాయి మీదుగా సుమారు 9,170. నడుమ నిరీక్షణతో కలిపి పదహారు నుండి ఇరవై గంటలలో ఇల్లు చేరవచ్చు. నేరు విమానం లేకపోవడానికి కారణం సులభమైనదే. రెండు ఊళ్ళ మధ్య రోజూ వెళ్ళేవారు ఒక పెద్ద విమానాన్ని నింపేటంత మంది లేరు. నలుదిక్కుల ప్రయాణికులను ఒకచోట కూడబెట్టే దుబాయి వంటి కూడలికి ఆ చిక్కు లేదు.

విమానాశ్రయం నుండి ఊరికి

ఇంతకూ ఐదు వారాలు ఒక్క రోజుకు తగ్గింది. అయితే విమానం దిగాక ఏ ఊరు వెళ్ళాలి? మన కుటుంబాలలో ఈ ప్రశ్నకు జవాబు ఉన్నవి ఎన్ని?

జవాబు దొరికే చోటు ఒకటి ఉన్నది. కూలీలుగా వచ్చిన ప్రతివారికీ ఒక సంఖ్య ఇచ్చి, ఓడ జాబితాలో పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, ఎత్తు, పుట్టుమచ్చ, జిల్లా, తాలూకా, గ్రామం వ్రాశారు. ఆ జాబితాలు ఇప్పటికీ ఉన్నాయి. మనుషులను సరుకులాగా లెక్కపెట్టడానికి వ్రాసిన ఆ కాగితాలే ఈనాడు మనకు వంశవృక్షపు వేళ్ళు. అయితే గ్రామాల పేర్లను గుమాస్తా తన చెవికి వినబడినట్టు ఇంగ్లీషులో వ్రాశాడు. కాబట్టి వాటిని పైకి చదివి, చెవితో పోల్చుకోవాలి.

జిల్లాల పేర్లు కూడా మారాయి. కాగితం మీద "ఉత్తర ఆర్కాటు" అని ఉంటే ఆ ఊరు ఇప్పటి తమిళనాడులో ఉండవచ్చు. లేదా 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా సీమలో ఉండవచ్చు. "గంజాం" అని ఉంటే ఒడిశాలోనే వెతకనక్కరలేదు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఇచ్ఛాపురం, టెక్కలి, శ్రీకాకుళం వంటి తెలుగు ప్రాంతాలు విశాఖ జిల్లాలో కలిశాయి. ఆ విశాఖ జిల్లా నుండి 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం జిల్లాలు వచ్చాయి. 2022లో మళ్ళీ విభజన జరిగింది. మద్రాసు రాష్ట్రం నుండి 1953లో ఆంధ్ర రాష్ట్రం వేరుపడింది; 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది; దాని నుండి 2014లో తెలంగాణ వేరుపడింది. ముత్తాత ఓడ ఎక్కింది మద్రాసులో అయినా, ఆయన ఊరికి దగ్గర విమానాశ్రయం ఈనాడు విశాఖపట్నమో, రాజమండ్రియో, తిరుపతియో కావచ్చు.

కనుక ఉత్సవానికి వచ్చిన ప్రతి కుటుంబమూ ఒక పని చేయాలని కోరుతున్నాము. ఇంట్లో ఉన్న పెద్దవారి దగ్గర కూర్చుని, మొదట వచ్చినవారి పేరు, ఓడ పేరు, సంఖ్య, జిల్లా, ఊరు, ఎంత తెలిస్తే అంత ఒక కాగితం మీద వ్రాయండి. పాత పెట్టెలలో ఉన్న ఒప్పందపు పత్రాలు, ఉత్తరాలు పారవేయకండి. తెలుగు చదవగలవారు చదవలేనివారికి ఆ ఉత్తరాలు చదివి వినిపించండి. వాటిలోని ఇంటిపేర్లు, బంధుత్వాలు ఏ జాబితాలోనూ ఉండవు. బామ్మలకూ తాతలకూ మాత్రమే తెలుసు. విమానం టికెట్టు ఏ రోజైనా కొనుక్కోవచ్చు. ఆ పెద్దవారిని అడిగే అవకాశం మాత్రం ఏటికేడు తరిగిపోతున్నది.